కొంగకున్న పాటి విలువ పల్లెకు లేదా?

2014 జూన్ 27. తెల్లవారుజాము. కోనసీమలో మామిడికుదురు మండలం నగరం గ్రామంలో నేల కింద పోతున్న గెయిల్ గ్యాసు గొట్టం పగిలింది. రేగిన మంటకు ఊళ్లో కొంత భాగం నిలువునా తగలబడిపోయింది. నిద్ర లేవనివాళ్లు ఇళ్లల్లోనే కాలిపోయారు, లేచి పరుగెత్తినవాళ్లు వీధిలో కాలిపోయారు. ఇరవై మందికి పైగా చచ్చిపోయారు. కొబ్బరిచెట్లు తలలు మాడి మొండి స్తంభాల్లా మిగిలాయి. కేంద్ర మంత్రి వచ్చాడు, ముఖ్యమంత్రి వచ్చాడు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు, వెళ్లిపోయారు.

టీ కొట్టువాడు పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. రాసినవాళ్లకు దురుద్దేశం ఉందని మేం అనడం లేదు. కానీ ఆ మాట ఎంత సులువుగా జనం నోళ్లలో పడిందో గుర్తు చేసుకోండి. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించుకోవడమే నేరమైనట్టు! పెట్రోలియం శాఖ వేయించిన విచారణలో అసలు సంగతి బయటపడింది. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరూ ఇతర ద్రవాలూ కలిసిన తడి గ్యాసు పంపారు. గ్యాసులోంచి నీటిని తీసేసే యంత్రాంగం పెట్టలేదు. గొట్టం లోపలినుంచి తుప్పు పట్టి తినేసింది. గ్యాసు లీకవుతోందని ముందే చెప్పినా పట్టించుకోలేదని ఊరివాళ్లు మొత్తుకున్నారు.

తుప్పు సంగతి తేలింది. తేలనిది ఇంకొకటి ఉంది. ఆ గొట్టం ఆ ఊళ్లోంచి పోవచ్చునని ఎవరన్నారు? ఎవర్నడిగి అన్నారు? ఇన్నేళ్ల తర్వాత ఈ ప్రశ్న ఎందుకు తవ్వుతున్నారని కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతున్నారు. గొట్టాలు ఇంకా వేస్తూనే ఉన్నారు గనక. బావులు ఇంకా తవ్వుతూనే ఉన్నారు గనక. అనుమతి అనే తంతు ఎలా నడుస్తుందో మన పల్లెల్లో నూటికి తొంభై తొమ్మిది మందికి చెప్పినవాడు లేడు గనక.

పర్యావరణ అనుమతుల మాటతో మొదలుపెడదాం. 2006 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ఈ దేశంలో ఏ ప్రాజెక్టుకు ముందస్తు పరిశీలన అవసరమో చెబుతుంది. అందులో గొట్టాలకు ఒక వరస ఉంది. చమురు, గ్యాసు రవాణా గొట్టం జాతీయ పార్కుల్లోంచో, అభయారణ్యాల్లోంచో, పగడపు దిబ్బల మీదుగానో, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల్లోంచో పోతే అనుమతి తీసుకోవాలి. అక్కణ్ణించి పోకపోతే? అక్కర్లేదు. సముద్రపు ఒడ్డు పట్టీకి వేరే నిబంధనలున్నాయి, ఆ సంగతి పక్కన పెట్టండి. మామూలు ఊరు, మామూలు పల్లె, మామూలు మనుషులు ఉన్నచోట నుంచి గొట్టం పోతే పర్యావరణ పరిశీలన లేదు, ప్రజాభిప్రాయ సేకరణా లేదు.

అంటే ఏమిటి? కాకినాడ పక్కన కోరింగ అభయారణ్యం ఉంది. ఆ మడ అడవిలోంచి గ్యాసు గొట్టం వేయాలంటే నిపుణుల కమిటీ కూచోవాలి. అక్కడి కొంగకు, నీటిపిల్లికి ఏం నష్టమో లెక్క రాయాలి. రాయాల్సిందే. కొంగ మీద మాకేం కోపం లేదు. దానికీ గూడు కావాలి, పిల్లలున్నాయి. కానీ నగరం గ్రామంలో మనిషి గుడిసె పక్కనుంచి అదే గొట్టం పోతే ఆ లెక్క రాసేవాడు లేడే! అభయం అడవికిచ్చారు. మనిషికి మాత్రం చచ్చాక ఎక్స్‌గ్రేషియా ఇస్తారు.

సరే, పర్యావరణం సంగతి అలా ఉంది. భూమి సంగతి చూద్దాం. గొట్టం కోసం భూమిని కొనరు. భూమి మీద వాడకపు హక్కు మాత్రం తీసుకుంటారు. దానికి 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం ఉంది. కేంద్రం గెజిట్లో ప్రకటన ఇస్తుంది. ఇచ్చిన 21 రోజుల్లోగా ఆ భూమిలో ఆసక్తి ఉన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవాలి. దాన్ని విని తేల్చేది కాంపిటెంట్ అథారిటీ అనే అధికారి. ఆయన ఎక్కువసార్లు రెవెన్యూ శాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాడై ఉంటాడు. ఆయన కూచునే ఆఫీసే గొట్టం పని కోసం తెరిచిన ఆఫీసు. ఆయన తేల్చిందే తుది మాట అంటుంది చట్టం.

ఇరవై ఒక్క రోజులు! మన పల్లెలో గెజిట్ చదివేదెవరండీ? ఒకప్పుడు ఏ కబురైనా దండోరా వేసి చెప్పేవాళ్లు. డప్పు కొట్టేది మనవాడే, ఊరంతా తిరిగి గొంతు చించుకునేది మనవాడే. ఊరి కబురు ఊరికి చెప్పే చాకిరీ మనది, ఆ కబురు మీద మాట్లాడే హక్కు మాత్రం ఊరి పెద్దలది. ఇప్పుడా డప్పు మోత కూడా లేదు. వీఆర్వో సర్వే నంబర్ల జాబితా పట్టుకుని పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ఇంటికెళ్లి నోటీసు ఇచ్చి సంతకం తీసుకుంటాడు. పాసుపుస్తకంలో పేరున్న ఆసామి హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. ఆ చేను కౌలుకు దున్నుతున్న మాల వెంకన్నకు, మాదిగ సుబ్బయ్యకు గొట్టం సంగతి ఎప్పుడు తెలుస్తుంది? పొక్లెయిను వచ్చి గట్టు తెంచినప్పుడు తెలుస్తుంది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మన కార్యకర్తలు దీన్ని రాసి పెట్టుకోవాలి. ఆ చట్టం పదో సెక్షన్లో నష్టపరిహారం ఎవరికివ్వాలో ఉంది. యజమానికి మాత్రమే అని లేదు. యజమానికీ, ఆ భూమిని అనుభవించే హక్కు ఏ రకంగానైనా దెబ్బతిన్న ఇతర వ్యక్తికీ అని ఉంది. భూమి మార్కెట్ విలువలో పది శాతం లెక్కగట్టి ఇవ్వాలి. పంట, చెట్లు పోయిన నష్టం దీనికి అదనం. సంపాదనకు కలిగిన దెబ్బను కూడా లెక్కలోకి తీసుకోవాలని అదే సెక్షన్ చెబుతుంది. ఆ భూమిలో ఆసక్తి ఉన్నవాడు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చునని అయిదో సెక్షన్ చెబుతుంది. ఈ రెండూ కలిపి చదవండి. కౌలుదారుడు అభ్యంతరం పెట్టొచ్చు! చట్టంలో సందు ఉంది. కానీ ఆ సందులోంచి మనవాళ్లు దూరకుండా నోటీసు దగ్గరే తలుపు వేశారు. కౌలుకు కాగితం ఉండదు, నోటిమాట. కాగితం రాసిస్తే ఎక్కడ హక్కు అడుగుతాడోనని ఆసామి భయం. కాగితం లేదు గనక నీకు ఆసక్తి లేదంటాడు అధికారి. పదిహేనేళ్లుగా ఆ మట్టిలో చెమట కార్చినవాడికి ఆసక్తి లేదట!

కూలీ పరిస్థితి ఇంకా హీనం. అతను ఏ సెక్షన్లోనూ లేడు. ఆ గొట్టానికి కందకం తవ్వేది అతనే, పూడ్చేది అతనే. గొట్టం పగిలితే కాలేవాళ్లలోనూ ఉంటాడు. కానీ అభ్యంతరం చెప్పేవాళ్ల జాబితాలో ఉండడు.

2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది గదా, అందులో కూలీలను కూడా ప్రభావిత కుటుంబాల్లో చేర్చారు గదా అని కొందరంటారు. నిజమే. మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేసుకుంటున్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు ఆ చట్టంలో ఉన్నారు. సామాజిక ప్రభావ అంచనా చేయాలని కూడా ఉంది. మంచి చట్టం. అయితే దాని చివర నాలుగో షెడ్యూలు అని ఒక తోక ఉంది. ఈ కొత్త నిబంధనల నుంచి తప్పించిన 13 చట్టాల పేర్లు అందులో ఉన్నాయి. 1962 పైపులైన్ల చట్టం ఆ పదమూడింటిలో ఒకటి! తర్వాత పరిహారం విషయంలో కొన్ని సర్దుబాట్లు చేశారు గానీ, సామాజిక ప్రభావ అంచనా మాత్రం గొట్టం దరిదాపులకు రాలేదు. ముందు గుమ్మంలోంచి రమ్మని పిలిచి, పెరటి గుమ్మంలోంచి బయటికి గెంటినట్టుంది.

అసైన్డు భూముల గోడు వేరే. మనకున్న కాస్త భూమీ డి-ఫారం పట్టా భూమి, లేకపోతే గోదావరి లంకల్లో ఫీల్డు లేబరు సొసైటీ పేరు మీద సాగు చేసుకునే భూమి. సర్కారు ఇచ్చిన భూమి గనక సర్కారు తీసుకుంటే పరిహారం ఏముంటుందని తహసీల్దార్లు ఇప్పటికీ దబాయిస్తున్నారు. 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చి చెప్పింది, ప్రజా ప్రయోజనం కోసం అసైన్డు భూమిని వెనక్కి తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా పరిహారం ఇవ్వాలని. ఆ తీర్పు ఇరవై ఏళ్లు దాటినా మండలాఫీసు మెట్లు ఎక్కలేదు. ఇంకో సంగతి. గొట్టం వేసిన పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు అంటుంది తొమ్మిదో సెక్షన్. పదెకరాల ఆసామికి ఆ పట్టీ పోతే ఓ మూల పోయినట్టు. మూడు సెంట్ల ఇంటిస్థలం ఉన్నవాడికి పోతే? అర ఎకరంలో నాలుగు కొబ్బరిచెట్లు పెంచుకుని పిల్లని చదివించుకునేవాడికి పోతే? పది శాతం అంటే ఎంత? లెక్క వేసి చూసుకోండి.

ఇక భద్రత. పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు అని ఢిల్లీలో ఉంది, 2006 చట్టం కింద ఏర్పడింది. గ్యాసు గొట్టం ఎవరు వేయాలో అనుమతించేది, ఏ ప్రమాణాలతో వేయాలో చెప్పేది ఈ బోర్డే. దాని చట్టం మొదటి పేజీ చదివితే బోర్డు ఎవరి ప్రయోజనాలు కాపాడాలో రాసి ఉంది. ఒకటి వినియోగదారులు. రెండు ఈ వ్యాపారం చేసే సంస్థలు. గ్యాసు కొనేవాడు ఉన్నాడు, అమ్మేవాడు ఉన్నాడు. గొట్టం పక్కన బతికేవాడు లేడు. బోర్డులో సభ్యులు ఎవరుండాలి? పెట్రోలియం పరిశ్రమ, మేనేజిమెంటు, ఫైనాన్సు, న్యాయం, పాలన, వినియోగదారుల వ్యవహారాలు తెలిసిన ప్రముఖులు ఉండాలి. కాలిన ఊరి మనిషి ప్రముఖుడు కాడు.

అయినా ఆ బోర్డు 2009లో తెచ్చిన భద్రతా ప్రమాణాలు కాగితం మీద గట్టివే. అవి మనం తెలుసుకోవాలి. గొట్టానికి ఇరుపక్కలా ఎన్ని ఇళ్లున్నాయో లెక్కబెట్టాలి. ఇళ్లు పెరిగేకొద్దీ ఆ చోటు తరగతి మారుతుంది. తరగతి మారితే గొట్టం మందం పెరగాలి, లేదా లోపలి పీడనం తగ్గాలి. గ్యాసును ఆపే వాల్వులు దగ్గర దగ్గరగా ఉండాలి. తుప్పు పట్టిందో లేదో గొట్టంలోకి పరికరం పంపి చూసుకోవాలి. 2010లో వచ్చిన మరో నిబంధన ప్రకారం ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రణాళిక ఉండాలి, మాక్ డ్రిల్లులు జరపాలి.

బావుంది. ఆ ఇళ్లు లెక్కబెట్టేదెవరు? మా ప్రశ్న ఇదే. ఊళ్లో మేడ ఇల్లు అవుతుంది. చెరువుగట్టు మీద తాటాకు పాక ఇల్లవుతుందా? కాలవ పోరంబోకులో పట్టా లేని గుడిసె లెక్కలోకి వస్తుందా? పట్టా లేదు గనక అది ఆక్రమణ, ఆక్రమణ గనక అది ఇల్లు కాదు, ఇల్లు కాదు గనక అక్కడ జనం లేరు, జనం లేరు గనక అక్కడ పల్చటి గొట్టం చాలు. ఇదీ వరస! మాట పేలితే ‘గొట్టం ముందు పడింది, ఆ తర్వాత వీళ్లొచ్చి గుడిసెలేసుకున్నారు’ అంటారు. ఊరు మాకు చోటివ్వలేదు గనక కాలవగట్టున పడ్డాం. ఊరికి దూరంగా ఉన్న ఖాళీ జాగా అని ఇంజనీరు మ్యాపులో గీత గీసే చోటు, ఊరు మనల్ని తోలిన చోటు, రెండూ ఒకటే. పల్లె ఎప్పుడూ ఊరి అంచునే ఉంటుంది. శ్మశానం, చెత్తదిబ్బ, మురుగుకాలవ, ఇప్పుడు గ్యాసు గొట్టం, అన్నీ అంచునే వస్తాయి.

నగరంలో మంట కులం చూసి రాలేదు, ఆ సంగతి మాకు తెలుసు. అక్కడ చచ్చిపోయినవాళ్లందరూ మనవాళ్లేనని మేం అనం, శవాల మీద కులం లెక్కలు కట్టం. కానీ బతికున్నప్పుడు ఎవరి మాట వినాలో తేల్చే చోట కులం ఉంది. భూమి ఎవరి చేతిలో ఉందో చూడండి, కులం ఎక్కడుందో కనబడుతుంది.

బావుల సంగతి కూడా ఇదే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి తవ్వుతుండగా గ్యాసు ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మండింది. రాత్రిళ్లు దీపం అక్కర్లేనంత వెలుగు, పగలు నిలబడలేనంత వేడి. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆస్తులున్నవాళ్లు అమలాపురంలోనో, రాజోలులోనో చుట్టాల ఇళ్లకు పోయారు. కూలినాలి చేసుకునేవాళ్లు శిబిరాల్లో పడ్డారు. ఆ రోజుల్లో పనికి పోలేని కూలీకి కూలి ఎవరిచ్చారో ఆ వయసు వాళ్లను అడగండి. అంత జరిగిన తర్వాత ఎవరైనా ఏం చేస్తారు? తవ్వకాల మీద పరిశీలన గట్టిగా పెడతారు. మన కేంద్రం ఏం చేసింది? 2020 జనవరి 16న నోటిఫికేషన్ సవరించి, భూమ్మీదైనా సముద్రంలోనైనా చమురు, గ్యాసు అన్వేషణ ప్రాజెక్టులన్నిటినీ కింది తరగతిలోకి దించింది. ఆ తరగతిలోవాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అన్వేషణ అంటే కేవలం వెతకడమే గదా, వెతికితే నష్టమేమిటని వాదన! వెతకడానికి తవ్వాలి. తవ్వేటప్పుడే పాశర్లపూడి అంటుకుంది.

ఆ రెండు నెలలకే, 2020 మార్చిలో, లాక్‌డౌన్ మొదలయ్యే రోజుల్లోనే, మొత్తం నోటిఫికేషన్‌నే మార్చే ముసాయిదా వదిలారు. అందులో ప్రజాభిప్రాయ సేకరణకు ఇచ్చే 30 రోజుల వ్యవధిని 20కి కుదించారు. ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లోకి అనువదించమని జూన్ నెలాఖరున ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, దానిమీద కేంద్రం సుప్రీంకోర్టుకు పోయింది. తెలుగులో చెప్పమంటే సుప్రీంకోర్టుకు పోయిన సర్కారు ఇది! ఆ ముసాయిదా యథాతథంగా అమల్లోకి రాలేదు. జనం నుంచి లక్షల సంఖ్యలో అభ్యంతరాలు వెళ్లాయి. అయితే ఆ అభ్యంతరాల్లో మన పల్లెలనుంచి వెళ్లినవెన్ని? కంప్యూటరు ముందు కూచోగలిగినవాళ్లు రాశారు. మంచిదే. మనం రాయలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ జరిగే చోట మాత్రం ఏం ఒరుగుతోంది? రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది, కలెక్టరు గానీ ఆయన తరఫున పెద్ద అధికారి గానీ అధ్యక్షత వహిస్తాడు. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ పత్రికలో ప్రకటన వస్తుంది. కోరం లేదు, పదిమంది వచ్చినా జరిగినట్టే. నివేదిక మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది, సారాంశం మాత్రం తెలుగులో. ఆ తెలుగు చదివి అర్థం చేసుకోగలిగితే మీకు సన్మానం చేయొచ్చు. షామియానా వేస్తారు. ముందు వరస కుర్చీల్లో సర్పంచి, మాజీ సర్పంచి, నీటిసంఘం ప్రెసిడెంటు, కాంట్రాక్టు మీద కన్నేసిన నలుగురు కుర్రాళ్లు. మనవాళ్లు షామియానా తాడు పట్టుకుని ఎండలో నిలబడతారు. మైకు వాళ్లదాకా వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. ఓ ఆడమనిషి ‘మా బోరు నీళ్లు రంగు మారాయి, పిల్లకి ఒళ్లంతా దద్దుర్లు’ అని మొదలుపెడితే ‘అమ్మా, సబ్జెక్టు మీద మాట్లాడు’ అంటారు. ఆమె మాట్లాడింది సబ్జెక్టు కాదట!

అయినా ఆ షామియానా కావాలనే మేం అంటున్నాం. ఎందుకంటే అక్కడ భూమి ఉన్నా లేకపోయినా ఆ ప్రాంతపు మనిషి ఎవరైనా మాట్లాడొచ్చు. మాట్లాడింది రాయాలి, వీడియో తీయాలి, చివర్న రాసుకున్నది తెలుగులో చదివి వినిపించాలి. పట్టా అడగకుండా మైకు ఇచ్చే చోటు ఈ మొత్తం తంతులో అదొక్కటే. అందుకే దాన్ని ఒక్కో ప్రాజెక్టు నుంచి తీసేస్తూ వస్తున్నారు.

ఇప్పుడు ఇంకో నోటిఫికేషన్ గుర్తు చేసుకుందాం. 2022 ఏప్రిల్లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న జిల్లాకు బాబాసాహెబ్ అంబేడ్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే 30 రోజుల్లోగా చెప్పమన్నారు. జిల్లాలో ఎవరైనా చెప్పొచ్చు. పాసుపుస్తకం అక్కర్లేదు, ఆసక్తి నిరూపించుకోనక్కర్లేదు. ఆ అభ్యంతరం మే 24న అమలాపురంలో ఏ రూపం తీసుకుందో, ఎవరి ఇళ్లు తగలబడ్డాయో దేశమంతా చూసింది. ఒక మహానుభావుడి పేరు జిల్లాకు పెడితే ఎవరికీ ఒళ్లు కాలదు, ఇల్లు కూలదు, అయినా అందర్నీ అడిగారు, నెల రోజులు గడువిచ్చారు. ఒళ్లు కాల్చగలిగిన గొట్టం ఊరి కిందనుంచి పోతే పట్టాదారును మాత్రం అడిగారు, అదీ 21 రోజులు. పేరు వద్దని వీధుల్లోకి వచ్చిన వేలమందిలో ఒక్కడైనా, నగరం కాలినప్పుడు, ఈ గొట్టాలు మాకొద్దని అదే ఊపుతో వీధిలోకి వచ్చాడా అని మేం అడుగుతున్నాం. పేరు నిలిచింది. ఇవాళ నగరం గ్రామం అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. మరి ఆ పేరున్న జిల్లాలోనైనా గొట్టం వేసేముందు మాలపల్లెకు, మాదిగపల్లెకు వెళ్లి అడగాలా, అక్కర్లేదా?

‘మీరు అభివృద్ధికి అడ్డం పడుతున్నారు’ అంటారు. కాదు. గ్యాసు వద్దనే తాహతు మనకు లేదు. కట్టెపొయ్యి ఊది ఊది కళ్లు పోగొట్టుకున్నది మన అమ్మలే. కృష్ణా గోదావరి లోతుల్లోంచి తీసిన గ్యాసును 2009లో కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల గొట్టం వేసి తీసుకుపోయారు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకు గ్యాసు చేర్చగలిగే ఇంజనీర్లు, కలెక్టరాఫీసు నుంచి పల్లెదాకా ఒక తెలుగు కాగితం చేర్చలేరా? చేర్చగలరు. అడిగేవాడు లేడు.

పెద్ద రైతుల సంఘాలు అడుగుతాయి, కానీ వాళ్లడిగేది పరిహారం రేటు. రేటు కుదరగానే టెంటు పీకేస్తారు. ఆ టెంటు కింద వారం రోజులు నినాదాలు ఇచ్చిన కూలీల సంగతి ఒప్పందంలో ఉండదు. పర్యావరణ మిత్రులు అడుగుతారు, వాళ్లమీద మాకు గౌరవం ఉంది. కానీ వాళ్ల నివేదికల్లో మడ అడవి ఉంటుంది, తాబేలు ఉంటుంది, భూగర్భజలం ఉంటుంది, మాదిగపల్లె ఉండదు. మరి మన సంఘాలో? విగ్రహం దగ్గర జరిగిన అవమానానికి గంటలో వెయ్యిమందిని దించగలం. దించాలి కూడా. మన పల్లె పక్కన పాతిన గ్యాసు గుర్తు రాయి మీద ఏం రాసుందో, ఏ ఫోన్ నంబరు ఉందో మాత్రం మనలో ఎంతమంది చూశాం? 1943 డిసెంబరులో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉండి ధన్‌బాద్ బొగ్గుగనిలోకి స్వయంగా దిగి చూశారు. ఫైలు మీద సంతకం పెట్టి ఢిల్లీలో కూచోవచ్చు గదా? కూచోలేదు. ఆయన పేరు చెప్పుకునే మనం రాయి మీద రాత చదవడానికి కూడా వంగలేదు.

కాబట్టి పని ఇక్కణ్ణించి మొదలుపెడదాం. మీ పల్లెకు దగ్గర్లో గ్యాసు గొట్టం పోతుంటే, గుర్తు రాయి నుంచి మొదటి గుడిసెకు ఎన్ని అడుగులో కొలవండి. గొట్టానికి ఇరుపక్కలా ఉన్న ఇళ్లన్నీ, పట్టా ఉన్నవీ లేనివీ, గుడిసెలూ పాకలూ బడీ చర్చీ అన్నీ లెక్కబెట్టి రాయండి. ఆ లెక్కతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గెయిల్, ఓఎన్‌జీసీ ప్రభుత్వ సంస్థలు గనక నేరుగా వాటికే పెట్టొచ్చు, నియంత్రణ బోర్డుకూ పెట్టొచ్చు. మా పల్లె దగ్గర గొట్టం ఏ తరగతి కింద లెక్కేశారు? ఇళ్లు చివరిసారి ఎప్పుడు లెక్కబెట్టారు? తుప్పు పరీక్ష ఎప్పుడు చేశారు? అత్యవసర ప్రణాళికలో మా పల్లె పేరు ఉందా? మాక్ డ్రిల్లు మా పల్లెలో ఎప్పుడు జరిగింది? ఈ అయిదు ప్రశ్నలు చాలు. ఒక్క జాగ్రత్త చెప్పాలి, ఇంటి సిలిండర్లో గ్యాసుకు వాసన కలుపుతారు, పెద్ద రవాణా గొట్టాల్లో సాధారణంగా కలపరు. వాసన రాలేదు గనక లీకు లేదనుకోవద్దు. బుస వినబడినా, నీటిగుంటలో బుడగలు లేచినా, చేలో ఓ చోట పచ్చిక అకారణంగా మాడినా నిప్పు ముట్టించకుండా దూరం జరిగి రాయి మీది నంబరుకు ఫోన్ చేయండి. ఫోన్ చేసిన తేదీ, టైము రాసి పెట్టుకోండి.

కొత్త గొట్టానికి నోటీసు వచ్చిందని ఏ ఆసామి నోటివెంట విన్నా, ఆ రోజు నుంచే 21 రోజులు లెక్కపెట్టకండి, గెజిట్ తేదీ నుంచి లెక్క. అప్పటికే సగం రోజులు అయిపోయి ఉంటాయి. కౌలు చేస్తున్నవాళ్లు పదో సెక్షన్ మాట రాసి, అభ్యంతరం కాంపిటెంట్ అథారిటీకి రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు పారేయకండి. కాగితం లేదన్న మాట వస్తే పక్క చేను రైతుల సాక్ష్యం, ఎరువుల కొట్టు చీటీ, ధాన్యం అమ్మిన పట్టీ, ఏది దొరికితే అది జతచేయండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి, మినిట్సు పుస్తకంలో ఎక్కేదాకా కదలకండి.

వచ్చిన జవాబులు, రాని జవాబులు, మీ పల్లె లెక్కలు మాకు పంపండి. తెల్లకాగితం మీద చేత్తో గీసిన పటమైనా ఫర్వాలేదు. గొట్టం ఎటు పోతోందో, పల్లె ఎటుందో, బడి ఎక్కడుందో కనబడితే చాలు. రెండు సంచికల తర్వాత వాటన్నిటినీ కలిపి అచ్చువేస్తాం, ఒక ప్రతి కలెక్టరుకు, ఒక ప్రతి బోర్డుకు చేరుస్తాం. మొదటి లెక్క మామిడికుదురు వైపునుంచి వస్తే బావుంటుందని మా కోరిక.